చిన్న సరుకును తూచని కార్డు

బీరువా

మెయిన్‌ఫ్రేమ్ అంటే ఏమిటని చుట్టాలు అడిగితే "పెద్ద బీరువా" అని చెప్పి తప్పించుకునేవాడిని. అందులో పెద్దగా అబద్ధం లేదు. తిరుపతిలో నేను పనిచేసిన కంప్యూటర్ కేంద్రంలో అది రెండు ఇనప బీరువాలంత ఉండేది. నల్లటి తలుపులు, లోపల ఆగకుండా తిరిగే ఫ్యాన్లు, గదంతా చలి. బయట ఎండకు రోడ్డు మీది తారు కరుగుతుంటే మేం లోపల స్వెటర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. టీ తెచ్చే ఆయన గుమ్మం దాటగానే "ఈడేందబ్బా, ఊటీ మాదిరి ఉండాది" అనేవాడు. ప్రతిరోజూ ఆ మాట మొదటిసారి అంటున్నట్టే అనేవాడు. మేమూ మొదటిసారి విన్నట్టే నవ్వేవాళ్ళం.

అంత యంత్రాన్ని సొంతంగా కొనుక్కోలేని సంస్థలు మా దగ్గర పని చేయించుకునేవి. కాలేజీలు, పాలకేంద్రాలు, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. తొంభైల్లో వాళ్ళ సమాచారం ఫ్లాపీల్లో, బస్సుల్లో వచ్చేది. డబ్బాను కండక్టరు చేతికిచ్చి మాకు ఫోను చేసేవాళ్ళు. ఒకసారి మదనపల్లె నుంచి వచ్చిన డబ్బా దారిలో టమోటా గంపల మధ్య ఇరుక్కుంది. విప్పితే లోపల రసం. ఫ్లాపీలను ఫ్యాను కింద ఆరబెట్టి చదివించాం. కొన్నిటిని యంత్రం చదివింది, కొన్నిటిని చదవలేదు. అప్పటి మా అధిపతి సారు కోప్పడలేదు. "బస్సు చేరిందా అని కాదప్పా అడగాల్సింది. సరుకు ఎట్ల పోయిందో అట్లే చేరిందా అని అడగాల" అన్నారు, అంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను పరీక్షల గురించి, ప్రమోషన్ల గురించి అడుగుతుంటారు. వాటి గురించి నాకు తెలిసినదంతా పాతబడిపోయింది. ఆ సారు ప్రశ్న మాత్రం పాతబడలేదు. దాన్ని మేం అడగడం మానేసిన ఒక మామిడి సీజను గురించి రాస్తాను. ఉద్యోగమంతా డైరీ రాసినవాడిని. అయినా ఆ సీజను గురించి డైరీ తీయనక్కర లేదు. తీసినా ఆ రోజు కింద "బంగారుపాళ్యం, ఎండ, కార్డు" అని మూడే మాటలున్నాయి.

కుంకుమ పెట్టబోయిన కార్డు

రెండు వేల సంవత్సరం దాటాక బస్సులు పోయి లైన్లు వచ్చాయి. ఫ్యాక్టరీలో కూర్చుని టైపు చేస్తే మా బీరువాలో పడేది. లైను మీద సమాచారం చిన్న చిన్న మూటలుగా ప్రయాణిస్తుంది. పంపే కంప్యూటరు మూటలో ఉన్నదాన్నంతా అంకెలుగా కూడి, వచ్చిన మొత్తాన్ని మూట మీద రాస్తుంది. అందుకునేవైపు మళ్ళీ కూడి చూస్తారు. రెండు మొత్తాలూ కలవకపోతే మూటను పారేసి, మళ్ళీ పంపమంటారు. పుస్తకాల్లో దీన్ని చెక్‌సమ్ అంటారు. మా గదిలో తూకం అనేవాళ్ళం. మామిడి ట్రాక్టరును తోట దగ్గర తూచి చీటీ ఇస్తారు, ఫ్యాక్టరీ గేటు దగ్గర మళ్ళీ తూచి చీటీతో సరిచూస్తారు. ఇదీ అంతే.

మొదట్లో ఈ తూకం పని మెయిన్‌ఫ్రేమే చేసుకునేది. ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ దానికి ఊపిరాడని పరిస్థితి వచ్చింది. మా కేంద్రానికి కొత్తగా అధిపతిగా వచ్చిన మునిరత్నంగారు పైవాళ్ళ వెంటపడి ఒక నెట్‌వర్క్ కార్డు తెప్పించారు. లైన్లన్నీ ఈ కార్డు గుండానే లోపలికి రావాలి. దాని ప్రత్యేకత ఏమిటంటే తూకం తనే వేసి, "చూశాను, సరిపోయింది" అని ముద్ర కొట్టి మూటను లోపలికి పంపుతుంది. మెయిన్‌ఫ్రేమ్ ఆ ముద్రను నమ్మి తన పని తాను చేసుకుంటుంది.

మునిరత్నంగారు పనిమంతుడు, మాట కటువు, మనసులో ఏమీ ఉంచుకోరు. ఒక్క బలహీనత ఉండేది. తాను తెచ్చిన వస్తువు మీద మాట పడనిచ్చేవారు కాదు. కార్డు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టించి, దానికి కుంకుమ బొట్టు పెట్టబోయారు.

మా ఆపరేటరు గజపతికి నోటిదురుసు. "సార్, పొడి లోపలికి రాలిందంటే ఇంక దానికి మనం బొట్టు పెట్టేది కాదు, అదే మనకు నామం పెడతాది" అన్నాడు.

"శుభమా అని పని మొదలుపెడితే ఏం నోరప్పా నీది" అని ఆయన కసిరారు. బొట్టు మాత్రం కార్డుకు కాక బీరువా తలుపుకు పెట్టారు.

ఉన్నమాట చెప్పుకోవాలి. కార్డు పెట్టాక యంత్రం పరుగెత్తింది. సీజను మొదలైనా ఫ్యాక్టరీల నుంచి ఆలస్యమని ఒక్క ఫోను రాలేదు.

రెడ్డెప్ప తెచ్చిన మాట

ఫోనుకు బదులు మనిషే వచ్చాడు. బంగారుపాళ్యం దగ్గరున్న ఒక గుజ్జు ఫ్యాక్టరీకి మేనేజరు, పేరు రెడ్డెప్ప. సొంత తోటలున్న మనిషి, కాయను చేత్తో పట్టుకుని ఏ మండలం నుంచి వచ్చిందో చెప్పేవాడు.

వాళ్ళు గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి విదేశాలకు పంపేవాళ్ళు. ప్రతి డ్రమ్ము గుజ్జునూ తీపి ఎంతుందో చూస్తారు. వెలుతురుకు పట్టి చూసే చిన్న గొట్టం ఒకటుంటుంది. దాని అద్దం మీద చుక్క వేస్తే లోపల అంకె కనిపిస్తుంది. ఆ అంకెను మాకు పంపితే మేం డ్రమ్ముకు అంటించే ధ్రువపత్రం ముద్రించి ఇచ్చేవాళ్ళం. ఆ జూన్‌లో చెన్నైలో కొనుగోలుదారు మళ్ళీ పరీక్ష చేయించి, కొన్ని డ్రమ్ములను వెనక్కి పంపేశాడు.

"మీ కాగితంలో తీపి జాస్తి ఉండాది, డ్రమ్ములో తక్కువ ఉండాది" అన్నాడు రెడ్డెప్ప కుర్చీలో కూర్చోకుండానే. "పదారు పాయింట్ రెండు ఉండాల్సిన తావ పదారు పాయింట్ ఆరు. బంగారుపాళ్యంలో బయల్దేరిన గుజ్జు తిరుపతికి వచ్చేతలికి తియ్యబడతా ఉండాదా ఏంది? మీ యంత్రమా, మా మనిషా, తేల్చండి."

మునిరత్నంగారు ఆ అంకెలు చూసి వెంటనే తేల్చేశారు. "యంత్రం తప్పు చేస్తే పైకీ పోతాది, కిందికీ పోతాది. మీవన్నీ పైకే పోయినాయి. ఇది కావాలని చేసిన పని రెడ్డెప్పా."

"అట్లయితే మా ల్యాబు పిల్లే. సుగుణ అని, కెమిస్ట్రీ చదివిన పిల్ల. చూసేదీ అదే, పంపేదీ అదే." రెడ్డెప్ప కండువాతో మెడ తుడుచుకున్నాడు. "సరుకు తియ్యంగుంటే మేనేజరు మెచ్చుకుంటాడని చేసిందేమో. ఈ వారంలో తేల్చండి. అదే నిజమైతే పనిలోనించి తీసేస్తా. ఊరికే తీసేది కాదు. దొంగలెక్క రాసే మనిషని చిత్తూరు రోడ్డులో ఉండే ఫ్యాక్టరీలకంతా చెప్తా."

రెడ్డెప్ప వెళ్ళాక మునిరత్నంగారు నన్ను పిలిచారు. "మీరు నిదానస్తులు. పోయి ఆ పిల్ల చేత మర్యాదగా ఒప్పించుకోని రాండి."

బంగారుపాళ్యం

చిత్తూరులో బస్సు మారి బెంగళూరు రోడ్డు ఎక్కగానే మామిడి వాసన మొదలైంది. ఇప్పటికీ జూన్‌లో ఆ వాసన తగిలితే నాకు ఆకలీ, కొద్దిపాటి భయమూ కలిసి పుడతాయి. రోడ్డుకు ఒకవైపంతా తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. రైతులు ట్రాక్టర్ల నీడలో పడుకుని తమ వంతు కోసం చూస్తున్నారు. ఫ్యాక్టరీ వెనక టెంకలు గుట్టలుగా పడి ఉన్నాయి.

ల్యాబు అంటే గుజ్జు ఉడికే చోటుకు ఆనుకుని ఉన్న చిన్న గది. సుగుణను అంకెలు పంపకుండా ఆపేశారు. గాజు సామాను కడుగుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంది.

"ఒప్పించేదానికి వచ్చింది మీరేనా సార్?"

"చూసేదానికి వచ్చినానమ్మా."

"అయితే సూడండి. ఇదో గుజ్జు, ఇదో గొట్టం. నా కంటికి ఒగ లెక్క, మీ కంటికి ఒగ లెక్క వస్తాదేమో."

చూశాను. ఇద్దరికీ ఒకటే వచ్చింది. పక్కనే తను పరీక్ష చేసినప్పుడు రాసుకున్న కాగితాలు పెట్టింది. ఆ కాగితాల్లోని అంకెలు చెన్నై పరీక్షతో సరిపోయేవే. వాటిని చూపించి ప్రయోజనం లేదని తనకే తెలుసు. కాగితంలో నిజం రాసి కంప్యూటర్లో అబద్ధం కొట్టిందనేదే కదా అభియోగం.

నేను చేసింది పెద్ద తెలివైన పనేమీ కాదు. ఒక్కో డ్రమ్ముకు తన కాగితంలోని అంకె, మా ధ్రువపత్రంలోని అంకె పక్కపక్కన రాసి తేడా తీశాను. సున్నా నాలుగైంది, ఒకటి ఐదైంది, రెండు ఆరైంది, మూడు ఏడైంది. ఎక్కడ చెడినా తేడా నాలుగే. అదీ చుక్క తర్వాతి అంకెలోనే. నాలుగు నుంచి పైనున్న అంకెల్లో ఒక్కటీ చెడలేదు.

మనిషి వేలు తప్పితే ఇలా తప్పదు. అంకెల మీటల్లో పక్కదాని మీద పడితే తేడా ఒకటి వస్తుంది, పైదానిమీదో కిందిదానిమీదో పడితే మూడు వస్తుంది. లేదా ముందుది వెనక, వెనకది ముందు పడుతుంది. దొంగ లెక్కయినా ఇలా ఉండదు. ఆ మాటే సుగుణతో అన్నాను.

"నేను దొంగనే అయితే సార్, అన్నిటికీ నాలుగే ఏంటికి పెంచుతాను? నాలుగంటే నాకేమన్నా మొక్కుబడా?" అంది. అంతవరకూ గట్టిగా మాట్లాడిన మనిషి ఆ మాటకు నవ్వబోయి ముఖం పక్కకు తిప్పుకుంది.

లైను ఎప్పుడైనా మొరాయించిందా అని అడిగాను.

"కడపట ఎనిమిదో తొమ్మిదో ఉంటే ఒగోసారి తీసుకోదు. మళ్లా పంపమంటాది. మళ్లా పంపితే తీసుకుంటాది. మీ యంత్రానికి ఆ అంకెలు గిట్టవేమో అనుకునేదాన్ని."

అక్కడ నాకు ముడి వీడింది. కంప్యూటరు ఒక అంకెను ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి అనే నాలుగు గళ్ళలో దాచుకుంటుంది. దారిలో ఎక్కడో, ఒక్కోసారి, చివరి అంకెలోని నాలుగు గడి ఖాళీగా ఉన్నా నిండినట్టు తయారవుతోంది. రెండుకు నాలుగు కలిసి ఆరవుతుంది. ఐదులో నాలుగు ముందే ఉంది కాబట్టి దానికేమీ కాదు. ఎనిమిదికి నాలుగు కలిస్తే పన్నెండు. ఒక అంకె చోట పన్నెండు పట్టదు కాబట్టి మా ప్రోగ్రాము వద్దంటుంది. ఇది మనిషి పని కాదు, లైను మీద మూటలను అందుకుని ముందుకు పంపే పాత పెట్టె ఏదో చేస్తున్న పని.

మరి తూకంలో ఎందుకు దొరకలేదు? తిరుపతికి ఫోను కలిపి గజపతిని తెర ముందు కూర్చోబెట్టాను. సుగుణ చేత పదహారు పాయింట్ రెండు అని ఒకే అంకెను వరసగా, ఒక్కొక్కటిగా పంపించాను.

"ఏం పడిందో చదువు గజపతీ."

"పదారు రెండు. పదారు రెండు. పదారు రెండు. అబ్బా... పదారు ఆరు!"

"మేం ఆరు పంపలేదే."

"నేనూ కల్పించలేదు సార్. తెరమీద ఉండేది చెప్తా ఉండాను."

తర్వాత అవే అంకెల్ని కలిపి ఒకే పెద్ద మూటగా పంపించాను. అన్నీ సరిగ్గా పడ్డాయి. మళ్ళీ పంపించాను. మళ్ళీ సరిగ్గానే పడ్డాయి. మిగతా ఫ్యాక్టరీల వాళ్ళు రోజంతా పరీక్షలు చేసి సాయంత్రం అన్నీ కలిపి పంపేవాళ్ళు. ఒక్కొక్క డ్రమ్ముకూ అప్పటికప్పుడు పంపేది సుగుణ ఒక్కతే. ఎందుకని అడిగాను.

"మూత పడకముందే పంపితే, లెక్కలో అనుమానం వస్తే మళ్లా గుజ్జు తీసి సూడొచ్చు. సాయంత్రం దాకా పెట్టుకుంటే మూత తెరిచేదానికి ఉండదు కదా సార్."

అందరికన్నా జాగ్రత్తగా పనిచేయడమే ఆ పిల్ల మీదికి వచ్చిందన్నమాట. మా కొత్త కార్డు పెద్ద మూటలను తూచి ముద్ర వేస్తోంది. మరీ చిన్న మూట వస్తే తూచకుండానే "సరిపోయింది" అని ముద్ర వేస్తోంది. వెతికిస్తే ఆ పాత పెట్టె చిత్తూరులో, ఈ ఫ్యాక్టరీల లైన్లన్నీ కలిసేచోట దొరికింది. అది ఎప్పటినుంచి చెడిందో తెలియదు. మెయిన్‌ఫ్రేమ్ తానే తూచుకున్న కాలంలో చెడిన మూటను పారేసి మళ్ళీ తెప్పించుకునేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రెండు దారులు

మునిరత్నంగారికి తేడాల కాగితం, గజపతి చూసిన తెర, రెండూ చూపించాను. మొదట కోపం వచ్చింది. తర్వాత కాగితాన్ని దగ్గరికి లాక్కుని తానే మళ్ళీ తేడాలు తీశారు. ఆయనలో నాకు నచ్చిన గుణం ఇదే. నమ్మరు, కానీ చూడకుండా కొట్టిపారేయరు.

చిత్తూరు పెట్టెకు బదులు ఇంకొకటి రావడానికి సమయం పడుతుంది. కార్డు తయారుచేసినవాళ్ళు సీజను అయ్యాక గాని దిద్దుబాటు పంపలేమన్నారు. అంతవరకు లోపాన్ని తప్పించుకుని నడవాలి. దానికి రెండు దారులున్నాయి. కార్డు తూకాన్ని ఆపేసి, మునుపటిలా మెయిన్‌ఫ్రేమ్ చేతనే తూయించడం ఒకటి. దీనివల్ల నడిసీజన్లో అన్ని ఫ్యాక్టరీలకూ పని నెమ్మదిస్తుంది. సుగుణను కూడా అందరిలా సాయంత్రం మూటకట్టి పంపమనడం రెండోది.

"ఆ పిల్లకు ఒక్కమాట చెప్తే పోయేదానికి, నడిచే యంత్రం కాళ్లు కట్టేస్తారా?" అన్నారు మునిరత్నంగారు. యంత్రాల లెక్కలో ఆయన మాటే సరైనది. ఖర్చు లేదు, ఎవరికీ ఆలస్యం లేదు, కార్డుకు మాట రాదు. వెంటనే ఫోను స్పీకరులో పెట్టి ఆయనే చెప్పారు. సుగుణ అంతా విన్నది.

"మూటకట్టి పంపితే రేపట్నించి లెక్క సరిపోతాది సార్. అప్పుడు మా రెడ్డెప్ప సారు ఏమంటాడు? సుగుణ భయపడి బుద్ధి తెచ్చుకునింది అంటాడు, దొంగతనం మానేసింది అంటాడు. నేను మానేదానికి ఏం చేసినాను?"

మునిరత్నంగారు మళ్ళీ మూట మాటే ఎత్తబోతే ఆమె ఆగలేదు.

"నేను ఎట్ల పంపతా ఉండానో అట్లే పంపతాను. అట్ల పంపినా లెక్క సరిపోవాల. అప్పుడే నా మాట నిలబడేది" అంది. "పనిలోనించి తీసేస్తే తీసెయ్యమనండి. మూట మాత్రం కట్టను."

మునిరత్నంగారు ఫోను పెట్టేసి బీరువా తలుపు మీది కుంకుమ వైపు చూశారు. తర్వాత అడిగారు, "ఆపేస్తే ఎంత నెమ్మదిస్తాది?"

"పోయిన సీజన్ మాదిరి ఉంటాది సార్."

"పోయిన సీజన్లో బతకలేదా మనం? కార్డు తూకం తీసేయండి." లేచి నిలబడ్డారు. "రెడ్డెప్పకు మీరు చెప్పొద్దండి. కార్డు తెచ్చింది నేను. నేనే పోయి చెప్తా."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. యంత్రంలో లోపాన్ని తప్పించుకునే దారులు ఎప్పుడూ ఒకటికన్నా ఎక్కువే ఉంటాయి. వాటిలో చవకైనదేదో మీకు చదువు చెబుతుంది. ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చదువు చెప్పదు. ఆ మనిషిని ఫోనులోనైనా అడగాలి. మేం అడగలేదు. ఏం చేయాలో చెప్పడానికి ఫోను చేశాం. అదృష్టవశాత్తూ అవతలి మనిషి ఊరుకోలేదు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. చిత్తూరు పెట్టెను మార్చారు. సీజను అయ్యాక కార్డుకు దిద్దుబాటు వచ్చింది. బిగించినాయన "ఇంక ధైర్యంగా వాడుకోవచ్చు" అన్నాడు. మునిరత్నంగారు చిన్న మూటలు, పెద్ద మూటలు వారంపాటు పంపించి, తానే తేడాలు తీసి, అప్పుడు గాని ఒప్పుకోలేదు.

తూకం మళ్ళీ మొదలైన రోజు

సుగుణతో ఫోనులో మాట్లాడిన మర్నాడు పొద్దున తిరుపతిలో గజపతి సెట్టింగుల్లో ఒక్క వరస మార్చి నెట్‌వర్కును ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ కాసేపట్లోనే ఆలస్యమంటూ ఫ్యాక్టరీల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేనూ మునిరత్నంగారూ అప్పటికే బంగారుపాళ్యం దారిలో ఉన్నాం.

రెడ్డెప్ప ల్యాబు గదిలోనే నిలబడి అంతా విన్నాడు. మునిరత్నంగారు కార్డు గురించి, మూటల గురించి చెబుతుంటే మొదట ముఖం చిట్లించాడు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండండుండండి. అంటే మీ గేటుకాడ ఉండేవాడు లారీ వస్తే తూస్తా ఉండాడు, ఆటో వస్తే తూచకుండానే ముద్ర ఏస్తా ఉండాడు. అంతే కదా?"

"అంతే."

"అట్లాంటోన్ని నేనైతే ఆ పొద్దే తీసేసి ఉందును."

"తీసేసినానప్పా, ఈ పొద్దున్నే" అన్నారు మునిరత్నంగారు. "తప్పు మా గేటుది. మీ పిల్లది కాదు."

ఒక అధిపతి నోటి నుంచి ఆ రెండు వాక్యాలు రావడం నా ఉద్యోగంలో నేను విన్నది చాలా తక్కువ.

రెడ్డెప్ప మాటతో ఒప్పుకునే రకం కాదు. ఫోను తనే చెవికి పెట్టుకున్నాడు. సుగుణ మునుపటిలాగే ఒక్కొక్కటిగా పంపింది. అవతల గజపతి చదువుతున్నాడు, గొంతు గదంతా వినిపిస్తోంది. పదారు రెండు. పదారు ఒకటి. పదారు సున్నా. మధ్యలో ఒకచోట సుగుణ ముందున్న తెర నిలిచిపోయింది. ఆమె వేలు మీట మీదే ఆగిపోయింది.

"ఏమైందప్పా?" అన్నాడు రెడ్డెప్ప.

"గేటుకాడ తూచి, వెనక్కి పంపినారు. మళ్లా వస్తా ఉండాది" అన్నాను.

"పదారు రెండు" అని చదివాడు గజపతి.

రెడ్డెప్ప ఆమె కాగితం వైపు చూశాడు. పదహారు పాయింట్ రెండు. ఇంకొన్ని చదివించుకున్నాడు. చాలనిపించాక ఫోను నిదానంగా పెట్టేశాడు. క్షమించమని అడగలేదు. కండువా తీసి, మడిచి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"సరేమ్మా. రేపట్నించి మామూలుగా నువ్వే పంపు."

"రేపేంది సార్" అంది సుగుణ. "ఇప్పుడు నింపతా ఉండేవాటిని ఎవురు సూస్తారు?"

కొంగు నడుముకు దోపుకుని, గొట్టం అద్దాన్ని తుడుచుకుంటూ బయటికి నడిచింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్న మేం ముగ్గురం పక్కకు జరిగి దారి ఇచ్చాం.